ఒక 'అంట' ఎక్కడ జారిపోయింది?

తిమ్మమ్మ జీవితచరిత్ర ఎక్కడ చదివినా నాలుగైదు వాక్యాల్లో అయిపోతుంది. సెట్టిబలిజ కులానికి చెందిన శెన్నక్క వెంకటప్ప, మంగమ్మ దంపతులకు 1394లో పుట్టింది. బాల వీరయ్యను పెళ్ళాడింది. 1434లో అతను చనిపోయాడు. ఆమె సహగమనం చేసింది. అక్కడి నుంచి కథ చెట్టుది. చితికి ఈశాన్యాన పాతిన గుంజ చిగురించి మర్రి అయింది. ఆ మర్రి ఊడలు దించుకుంటూ ఎకరాల కొద్దీ పరుచుకుంది. కదిరికి సుమారు పాతిక కిలోమీటర్ల దూరంలో, నంబులిపులికుంట మండలం గూటిబైలులో ఉన్న తిమ్మమ్మ మర్రిమాను అదే. ఏడాది మొత్తానికి 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్పనుకునే మెట్ట సీమలో అంత నీడ ఒక్కచోట ఉండడం ఎవరికైనా అద్భుతంగానే తోస్తుంది.

నేను తిమ్మమ్మ దగ్గరికి వెళ్ళింది ఆ నీడ కోసం కాదు. తెలుగు వికీపీడియాలో రాయలసీమ స్త్రీల గురించి ఉన్న సమాచారాన్ని సరిచూసే పని కొంతకాలంగా పెట్టుకున్నాను. ఎవరైనా రాయగల, ఎవరైనా దిద్దగల ఈ విజ్ఞానసర్వస్వం తెలుగులో 2003 డిసెంబరులో మొదలైంది. దానికి మూడు మూల సూత్రాలున్నాయి. తటస్థ దృక్కోణం ఉండాలి. రాసిన ప్రతి విషయాన్నీ మరొకరు మూలం చూసి నిర్ధారించుకోగలగాలి. అచ్చులో లేని సొంత పరిశోధనను అక్కడ తొలిసారి ప్రకటించకూడదు. చూడటానికి పొడిగా ఉన్న ఈ సూత్రాలు ఒక స్త్రీ జీవితం మీద పెట్టి చూస్తే ఎంత చిక్కుగా మారతాయో నాకు తిమ్మమ్మ దగ్గరే అర్థమైంది.

ఆ నాలుగు వాక్యాల్లో మనం ఏం రాస్తున్నామో ఒకసారి చూడండి. ఒక స్త్రీ మంటల్లో చనిపోయిందని తేదీతో సహా రాస్తున్నాం. 'సహగమనం చేసింది' అనే క్రియ వాడి, అది ఆమె తన ఇష్టంతో చేసిన పని అని కూడా రాసేస్తున్నాం. ఏం చూసి రాస్తున్నాం? నా దగ్గర డిగ్రీ చదివిన ఒకమ్మాయి స్థానిక చరిత్ర ప్రాజెక్టులో తిమ్మమ్మను పాతివ్రత్యానికి నిదర్శనంగా చూపించి, పక్కనే రెండు తేదీలూ వేసింది. ఎక్కడిది ఇదంతా అని అడిగితే 'ఇంటర్నెట్‌లో ఉంది మేడమ్' అంది. ఆ పిల్లను తప్పు పట్టడానికేం లేదు. తేదీ పక్కన ఉన్న మాటను నమ్మమనే కదా మనం వాళ్ళకు నేర్పింది!

కదిరి పక్కపల్లెల్లో ఈ కథను ఆడవాళ్ళ నోట విన్నాను. ఒక అవ్వ చెప్పిన తీరు ఇది: 'తిమ్మమ్మ అని ఒకాయమ్మ ఉండెనంట. మొగుడు సచ్చిపోతే ఆయమ్మ గూడా అగ్గిలోకి పోయెనంట. ఆ గుంజ చిగిర్చెనంట.' ఎప్పుడవ్వా అని అడిగాను. 'ఎప్పుడో మా! మా జేజి కాలానికే మాను ఇంతే ఉండెనంట. ఏ యేడంటే ఎట్ల చెప్పేది? ఎవురు సూసినారు?' అని, చివర్లో ఇంకో మాట కలిపింది. 'సదువుకున్నోళ్ళు మీరే గదా రాసి పెట్టేది. మీకే తెలియాల.'

కోస్తాలో 'అట' అంటారు, ఇక్కడ 'అంట' అంటాం. నేను చూడలేదు, విన్నాను, విన్నదే మీకు చెబుతున్నాను అని ఆ ఒక్క ముక్కతో చెప్పేస్తాం. పరిశోధకులు అథోజ్ఞాపికలు పెట్టి చేసే పని మన భాష ఒక్క అక్షరంతో చేస్తోంది. అవ్వ తన మూడు వాక్యాల్లో మూడుసార్లు మూలం చూపించింది. ఆ కథ పల్లె నుంచి కరపత్రానికి, కరపత్రం నుంచి పత్రికకు, పత్రిక నుంచి విజ్ఞానసర్వస్వానికి వచ్చేసరికి 'ఉండెనంట' కాస్తా 'ఉండేది' అయింది. 'పోయెనంట' కాస్తా 'సహగమనం చేసింది' అయింది. 'ఎప్పుడో' ఉన్నచోట 1434 వచ్చి కూర్చుంది. కథలో జారిపోయింది 'అంట' ఒక్కటే. దాంతో పాటు సందేహం పోయింది, చెప్పినవాళ్ళూ పోయారు.

ఇందులో ఒక అన్యాయం ఉంది. 'అట'లతో మాట్లాడటాన్ని మనం ఆడవాళ్ళ ఊసుపోక కబుర్లుగా లెక్కగడతాం. ఎవరు చెప్పారో చెప్పకుండా ఖండితంగా రాస్తే దాన్ని చరిత్ర అంటాం. ఆధారాల విషయంలో నిజాయితీగా ఉన్నది ఎవరో నాకైతే స్పష్టంగానే కనిపిస్తోంది.

ఇక ఆ తేదీల సంగతి. తిమ్మమ్మ గురించి చదివే ప్రతిచోటా గిన్నిస్ పుస్తకం ప్రస్తావన వస్తుంది. ప్రపంచంలోకెల్లా పెద్ద మర్రిగా ఈ చెట్టు 1989లో ఆ పుస్తకానికెక్కింది. విస్తీర్ణం విషయంలో లెక్కలు కొంత తేడాగా కనిపిస్తాయి. ఒకచోట అయిదెకరాలకు కాస్త తక్కువ ఉంటే, ఇంకోచోట అయిదుకు కాస్త ఎక్కువ, మరోచోట ఏకంగా ఎనిమిది ఉంటుంది. అయినా అది కొలవదగిన విషయం. టేపు పట్టుకుని వెళ్ళి తేల్చుకోవచ్చు. చిక్కు ఎక్కడంటే, కొమ్మల్ని కొలిచిన రికార్డు పక్క వాక్యంలో ఉన్న కథకు కూడా పూచీ పడినట్టు కనిపిస్తుంది. గిన్నిస్‌లో ఉందంటే 1434 కూడా నిజమే అయి ఉంటుందని పాఠకులు అనుకుంటారు.

చెట్టు వయసే సాక్ష్యం కదా అనేవాళ్ళున్నారు. మర్రి వయసు తేల్చడం అంత సులువు కాదు. ఊడలు నేలకు దిగి మానులవుతాయి, మొదటి మాను కాలక్రమంలో పుచ్చి పోవచ్చు. హౌరాలోని వృక్షశాస్త్ర ఉద్యానవనంలో ఉన్న పెద్ద మర్రి మొదలుకు తెగులు సోకి 1925లో దాన్ని తొలగించారు. చెట్టు మాత్రం ఊడల మీద ఇప్పటికీ నిలబడే ఉంది. ఒకవేళ గూటిబైలు చెట్టుకు ఆరు వందల ఏళ్ళని శాస్త్రీయంగా తేలిందే అనుకుందాం. అప్పుడైనా అది చెట్టు వయసును చెబుతుంది. ఒక స్త్రీ ఎలా చనిపోయిందో చెప్పదు.

పాత తేదీలు ఎలా తయారవుతాయో చూడాలంటే తిమ్మమ్మకు పొరుగునే ఉన్న వేమన దగ్గరికి వెళ్ళాలి. వేమన సమాధిగా చెప్పే కటారుపల్లె కూడా కదిరి ప్రాంతంలోదే, గాండ్లపెంట మండలం. వేమన పేరున ఉన్న ఒక పద్యంలో నందన సంవత్సరం ప్రస్తావన ఉంది. మన సంవత్సరాల పేర్లు అరవై ఏళ్ళకోసారి తిరిగి వస్తాయి. నందన 1412లో వచ్చింది, 1652లోనూ వచ్చింది. వేమన కాలం గురించి ప్రచారంలో ఉన్న తేదీల్లో ఈ రెండూ ఉండటం వెనుక ఉన్నది ఈ లెక్కే. మధ్యలో ఉన్న 240 ఏళ్ళు సరిగ్గా నాలుగు అరవైలు. ఒక్క పేరు చేతిలో పెట్టుకుని ఏ చుట్టులోదో తెలియకపోతే రెండు వందల నలభై ఏళ్ళ తేడా వస్తుంది.

ఇదే లెక్క తిమ్మమ్మకు పెట్టి చూద్దాం. 1434 ఆనంద సంవత్సరం. ఆనంద 1374లో ఉంది, 1494లో ఉంది, 1554లోనూ ఉంది. తిమ్మమ్మ తేదీ ఇలాంటి పేరు నుంచి వచ్చి ఉంటే ఏ ఆనంద అని అడగాలి. శాసనం నుంచి వచ్చి ఉంటే అందులో శక సంవత్సరం 1356 అని ఉండాలి. ఆ శాసనం ఏ ఊళ్ళో ఉందో, ఏ సంపుటంలో అచ్చయిందో చెప్పగలగాలి. వంశావళి నుంచి వెనక్కి లెక్కకట్టి ఉంటే తరానికి ఎన్నేళ్ళు వేశారో చెప్పాలి. ప్రచారంలో ఉన్న కథనాలు వీటిలో ఏదీ చెప్పకుండానే అంకెలు వేస్తాయి. పైగా పుట్టుకకూ చావుకూ మధ్య సరిగ్గా నలభై ఏళ్ళు. అంత గుండ్రంగా వచ్చే లెక్కను చూస్తే సరిచూసేవాళ్ళు ఒక్క క్షణం ఆగాలి.

వేమనకూ తిమ్మమ్మకూ ఆధారాల కొరత ఉమ్మడిదే. తేడా ఏమిటంటే వేమన గురించి వాదోపవాదాలున్నాయి. బ్రౌన్ ఏమన్నాడు, 1928 నాటి ఉపన్యాసాల్లో రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ ఏమన్నారు, తర్వాతివాళ్ళు ఎక్కడ విభేదించారు అని పేజీలకు పేజీలు చర్చ ఉంది. వేమన పుట్టిన ఏడు తెలియదని ఒప్పుకోవడానికి పండితులు ఒక గ్రంథాలయమే కట్టారు. తిమ్మమ్మ తేదీల మీద ఎవరూ పోట్లాడుకోలేదు. ఆమె గురించి ఎంతో వెతికి ఒక నిర్ణయానికి వచ్చారని కాదు, ఆ పాటి వెతుకులాటకు ఆమె తగుతుందని ఎవరికీ తోచలేదని. ఆ లెక్కన మన గురించి ఒక వివాదం ఉండటం కూడా గౌరవమే. స్త్రీలకు అది అరుదుగా దక్కుతుంది.

వెతకాలనుకున్నవాళ్ళకు ఒక ఆచరణాత్మకమైన ఇబ్బంది కూడా ఉంది. అనంతపురం జిల్లా బళ్ళారి నుంచి విడిపోయి 1882లో ఏర్పడింది. డబ్ల్యూ. ఫ్రాన్సిస్ రాసిన జిల్లా గెజెటీర్ 1905 నాటిది. కదిరి తాలూకా కడప జిల్లా నుంచి అనంతపురంలోకి వచ్చింది 1910లో. కాబట్టి ఫ్రాన్సిస్ పుస్తకంలో తిమ్మమ్మ ఉందో లేదో చూసి దాన్ని బట్టి వాదించడానికి లేదు. అప్పటికి ఆ ఊరు ఆ జిల్లాలోదే కాదు. తెరవాల్సింది గ్రిబుల్ 1875లో ప్రచురించిన కడప జిల్లా మాన్యువల్. మళ్ళీ 2022 ఏప్రిల్‌లో కదిరి ప్రాంతం శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్ళింది. అయినా చాలాచోట్ల మర్రిమాను ఇంకా 'అనంతపురం జిల్లా'లోనే ఉంటుంది. ఫలానా పుస్తకంలో లేదు కాబట్టి కల్పితం అని తీర్పు చెప్పేముందు అది మనం తెరవాల్సిన పుస్తకమేనా అని చూసుకోవాలి. స్త్రీల విషయంలో ఇలాంటి తొందరపాటు తీర్పులు ఇప్పటికే చాలా ఉన్నాయి.

ఆనాటి సమాజం గురించి వేరే సాక్ష్యాలున్నాయి కదా అనవచ్చు. ఉన్నాయి. 1434 అంటే విజయనగరంలో రెండో దేవరాయల కాలం. విదేశీ యాత్రికులు ఆ రాజ్యంలో సతి గురించి రాశారు. పదహారో శతాబ్దంలో వచ్చిన పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ ఒక విచిత్రమైన మాట అంటాడు. దేశమంతటా భర్తతో భార్య కాలిపోతుందనీ, తెలుగువాళ్ళలో మాత్రం భర్తతో పాటు భార్యను బతికుండగానే పూడ్చిపెడతారనీ. నూనిజ్ మాటే పట్టుకుంటే తిమ్మమ్మ చితి కథ కొట్టుకుపోవాలి. కానీ నూనిజ్ వచ్చింది ఆమె కాలంగా చెప్పేదానికి వందేళ్ళ తర్వాత. ఏ కులంలో చూసిందో, ఎవరు చెబితే విన్నదో అందరు తెలుగువాళ్ళకూ అంటగట్టాడు. అతను కూడా 'అంట'ను వదిలేసిన మనిషే. ఒక కాలంలో ఒక ఆచారం ఉండేదని చెప్పే సాక్ష్యం, ఫలానా స్త్రీ ఫలానా రోజున ఏం చేసిందో చెప్పలేదు. ఈ రెండింటినీ కలిపేయడం చరిత్ర రచనలో చాలా మామూలుగా జరిగే పొరపాటు.

శాసనాలైనా ఎంత చెబుతాయి? మనదేశంలో సతికి తొలి శాసనాధారంగా చెప్పే మధ్యప్రదేశ్‌లోని ఏరణ్ శాసనం క్రీ.శ. 510 నాటిది. యుద్ధంలో చనిపోయిన వీరుడి పేరు గోపరాజు అని అందులో ఉంది. నిప్పులోకి వెళ్ళిన భార్య అందంగా ఉండేదని, భక్తి గలదని ఉంది. పేరు లేదు. రాయి మీద చెక్కినా ఆమె ఎవరో మనకు తెలియదు. ఆ లెక్కన గూటిబైలు ప్రజలు తమ తిమ్మమ్మ పట్ల ఎక్కువ మర్యాదగానే ఉన్నారు. ఆమె పేరు, తల్లి పేరు కూడా నిలబెట్టుకున్నారు.

ఇక 'చేసింది' అన్న క్రియ. 1987 సెప్టెంబరు 4న రాజస్థాన్‌లోని దేవ్‌రాలాలో పద్దెనిమిదేళ్ళ రూప్ కన్వర్ భర్త చితిలో కాలిపోయింది. ఊరు ఊరంతా చూసింది. పోలీసులు, విలేకరులు, వకీళ్ళు, స్త్రీవాద బృందాలు వెళ్ళాయి. ఆమె ఇష్టపడి కూర్చుందని కొందరు, బలవంతంగా కూర్చోబెట్టారని కొందరు చెప్పారు. హత్యానేరం కేసులో నిందితులను 1996లో కోర్టు నిర్దోషులుగా విడిచిపెట్టింది. ఇంతమంది సాక్షుల మధ్య, మన కాలంలో జరిగిన చావులోనే ఆమె మనసులో ఏముందో తేలలేదు. ఆరు వందల ఏళ్ళ కిందటి ఒక పల్లెటూరి స్త్రీ 'స్వచ్ఛందంగా' చితి ఎక్కిందని అంత ధీమాగా ఎలా రాస్తాం? దేవ్‌రాలా తర్వాత వచ్చిన చట్టం సతిని కీర్తించడాన్ని కూడా నేరం చేసింది, ఆ సతి ఎంత పాతదైనా సరే. మన వాక్యం కీర్తిస్తున్నదా, నమోదు చేస్తున్నదా అన్నది క్రియలోనే తేలిపోతుంది. పందొమ్మిదో శతాబ్దపు సతి చర్చల మీద పని చేసిన లతా మణి, ఆ చర్చల్లో స్త్రీ అసలు పాత్రే కాదనీ, సంప్రదాయం గురించి మగవాళ్ళు వాదించుకోవడానికి ఆమె ఒక నేల మాత్రమేననీ చూపించారు. విజ్ఞానసర్వస్వం పేజీలో కూడా ఆమె అలాంటి నేలగానే మిగిలిపోయే ప్రమాదం ఉంది.

అనంతపురం పక్కనే ఇంకో కథ ఉంది. బుక్కరాయసముద్రం చెరువు కట్ట తెగబోతుంటే బసిరెడ్డి కోడలు ముసలమ్మ గండిలో ప్రాణం అర్పించిందన్న కథ. దీనికి అచ్చులో ఒక దారి కనిపిస్తుంది. అనంతపురం చరిత్రను బ్రౌన్ 1853లో ప్రచురించాడు. ఆ చరిత్రలోని ముసలమ్మ కథను తీసుకుని కట్టమంచి రామలింగారెడ్డి 1899లో, విద్యార్థిగా ఉండగా, 'ముసలమ్మ మరణం' రాశారు. ఆధునిక తెలుగు కవిత్వ చరిత్ర ఆ కావ్యంతో మొదలుపెట్టేవాళ్ళున్నారు. ఈ దారి వల్ల ఏ కాలంలో ఎవరు ఈ కథను ఎలా చెప్పారో మనం చూపించగలం. ముసలమ్మ నిజంగా నీళ్ళలోకి దిగిందా అన్నది మాత్రం దీనివల్ల కూడా తేలదు. తేలేది ఒక్కటే. వానలు లేని ఈ సీమలో చెరువు కట్ట నిలవాలంటే ఏటా తట్టల కొద్దీ మట్టి మోయాలి. ఆ తట్టలు మోసిన ఆడవాళ్ళ పేర్లు ఏ కథలోనూ లేవు. కట్టను నిలబెట్టినట్టు గుర్తుండిపోయింది చనిపోయిన ఒక్క కోడలు.

అంతెందుకు, ఊరి పేరే చూడండి. బుక్కరాయల రాణి అనంత పేరు మీద అనంతపురం వచ్చిందని ఒక వాదన. బుక్కరాయలకు ఆ పేరుతో రాణి లేదనీ, ఊరు కట్టించిన మంత్రి అనంతరస చిక్క ఒడెయరు పేరే ఊరికి వచ్చిందనీ మరో వాదన. అంటే ఈ జిల్లా పేరులో ఉన్నది ఒక స్త్రీయా, పురుషుడా అన్నదే ఒక వివాదాస్పద విషయం. ఇక్కడ ఉండీ లేనట్టున్న ఒక రాణి, నీళ్ళలో పోయిన ఒక కోడలు, నిప్పులో పోయిన ఒక భార్య మనకు చరిత్రగా మిగిలారు. బతికి, పనిచేసి, ముసలివాళ్ళై పోయిన స్త్రీ ఒక్కరూ ఈ జాబితాలో లేరు.

మరి మూలం లేని ప్రతిదాన్నీ తీసేస్తే సరిపోతుందా? నేను తిమ్మమ్మ వాక్యాలు మార్చాలని ప్రస్తావించినప్పుడు రెండు వైపుల నుంచీ అభ్యంతరం వచ్చింది. తోటి సంపాదకుడొకరు 'ఇంతమంది మొక్కే తల్లిని అబద్ధం అంటున్నారా?' అన్నారు. స్త్రీవాద ఉద్యమంలో ఉన్న స్నేహితురాలు 'సతి కథను అసలు ఉంచడమెందుకు, మొత్తం కొట్టెయ్' అంది. కొట్టేయడం నాకు సమ్మతం కాదు. రాసిన కాగితం ఉన్నవాళ్ళకే చరిత్ర అనే నియమం పెట్టుకుంటే మన పూర్వీకురాళ్ళలో ఎంతమంది మిగులుతారు? 2018 అక్టోబరులో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి పొందిన డోనా స్ట్రిక్‌లాండ్ గురించి అదే ఏడాది కొద్ది నెలల ముందు ఎవరో వికీపీడియాకు వ్యాసం పంపితే, తగినన్ని మూలాలు లేవని తిప్పి పంపారు. స్త్రీల గురించి బయట ఎవరూ రాయరు. రాయలేదు కాబట్టి ఇక్కడ చోటు లేదంటారు. ఇంగ్లీషు వికీపీడియాలోని జీవితచరిత్రల్లో స్త్రీలవి 15 శాతం దరిదాపుల్లోనే ఉన్నాయని గుర్తించి 2015లో కొందరు సంపాదకులు ఆ లోటు పూడ్చే పనికి దిగారు.

మన దగ్గర ఈ పని ఇంకా పాతది. ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం తలపెట్టిన కొమర్రాజు లక్ష్మణరావు మూడు సంపుటాలు వేసి, 'అ'కారం దాటకుండానే 1923లో చనిపోయారు. ఆయన కంటే ముందే ఆయన అక్క భండారు అచ్చమాంబ స్త్రీల జీవితచరిత్రలు వెతికి 'అబలా సచ్చరిత్ర రత్నమాల' రాశారు. స్త్రీలు అబలలూ అవివేకులూ అనేవాళ్ళకు సమాధానం చెప్పడమే ఆమె ఉద్దేశం. తెలుగులో విజ్ఞానసర్వస్వం, స్త్రీల చరిత్ర ఒకే ఇంట్లో పుట్టాయి. తొలి తెలుగు కథ ఏదన్న చర్చలో అచ్చమాంబ తరఫున మాట్లాడటానికి మనకు బలం ఎక్కడి నుంచి వచ్చింది? 'ధనత్రయోదశి' 1902 నవంబరు 'హిందూసుందరి'లో అచ్చయి ఉండటం నుంచి. 'దిద్దుబాటు' 1910 నాటిది. ఒక స్త్రీల పత్రిక, దాని మీద ఒక నెల పేరు, ఇంతే సాక్ష్యం. మౌఖిక చరిత్రకూ మనకు దారి వేసినవాళ్ళున్నారు. 1986లో స్త్రీ శక్తి సంఘటన తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' తెలంగాణ సాయుధ పోరాట స్త్రీల మాటలను ఎవరు చెప్పారో, ఎలా చెప్పారో వాళ్ళ గొంతుతోనే అచ్చు వేసింది. ఆ పుస్తకంలో 'అంట' జారిపోలేదు.

అందుకని కొట్టేయకుండా, ఉన్నదాన్ని ఉన్నచోట పెట్టడమే నేను ఎంచుకున్న పద్ధతి. నేను ప్రతిపాదించిన వాక్యాలు ఇవి: 'గూటిబైలు మర్రిచెట్టు తిమ్మమ్మ అనే స్త్రీ పేరుతో ప్రసిద్ధి చెందింది. స్థానిక కథనం ప్రకారం ఆమె బాల వీరయ్య భార్య. భర్త చితిలో ఆమె మరణించిందనీ, చితి గుంజల్లో ఒకటి మర్రిగా చిగురించిందనీ చెబుతారు. ప్రచారంలో ఉన్న 1394, 1434 తేదీలకు ఆ కథనాలు సమకాలీన ఆధారం చూపవు. పిల్లలు లేని దంపతులు ఇక్కడికి వచ్చి మొక్కుకుంటారు. శివరాత్రికి జాతర జరుగుతుంది.' చెట్టు కొలతలు, గిన్నిస్ సంగతి వేరే విభాగంలోకి వెళ్ళాయి. 'సహగమనం చేసింది' పోయి 'మరణించిందని చెబుతారు' వచ్చింది. మొక్కుకునేవాళ్ళను నేను కాదనలేదు. బిడ్డ కోసం చెట్టు కింద నిలబడ్డ ఆడమనిషి సతి మహిమను అడుగుతోందా, తన బాధను వినే ఇంకో ఆడదాన్ని వెతుక్కుంటోందా అన్నది ఎవరైనా వెళ్ళి అడగదగిన ప్రశ్న. ఆ ప్రశ్నకు చోటు దొరకాలంటే ముందు ఆ నాలుగు వాక్యాలు కొంచెం సడలాలి.

స్నేహితురాలు ఈ వాక్యాలు చదివి 'మరీ మెత్తగా ఉన్నాయి' అంది. ఉండొచ్చు. కానీ ఒక స్త్రీ మంటల్లో పోవడాన్ని ఖరారు చేయడానికి నా దగ్గర ఆధారం లేదు. పోలేదని ఖరారు చేయడానికీ లేదు. కాలిందో లేదో తెలియని ఆమెను తేదీ వేసి మరోసారి కాల్చకుండా ఉండటం మాత్రం నా చేతిలో ఉంది.

అవ్వ చెప్పిన మాటలను నేను అక్కడ మూలంగా చూపలేను. సొంత పరిశోధన నిషిద్ధం అనే సూత్రం అడ్డు వస్తుంది, అది మంచి సూత్రమే. ఎక్కడైనా అచ్చయితేనే దాన్ని మరొకరు చూపగలరు. అందుకే ఇది ఈ పత్రికలో రాస్తున్నాను. రేపు ఈ వ్యాసాన్ని అక్కడ మూలంగా చూపాలా వద్దా అన్నది నేను నిర్ణయించకూడదు, వేరే ఎవరైనా చదివి తేల్చాలి. ఈ పేజీలు చదివేవాళ్ళలో చాలామంది పరిశోధకులు, రచయిత్రులు. మీ ఊళ్ళలో పేరంటాలుగా పూజలందుకునే స్త్రీలు, చెరువు కట్టల కింద ఉన్నారని చెప్పే కోడళ్ళు ఉంటారు. వాళ్ళ కథలు ఎవరు చెప్పారు, ఎప్పుడు విన్నారు, ఒక ఇంటికీ ఇంకో ఇంటికీ ఏం మారింది అన్నది రాసి, తేదీ వేసి, ఎక్కడో ఒకచోట అచ్చు వేయండి. రాసేటప్పుడు వాళ్ళ వాక్యం చివర ఉన్న 'అంట'ను దిద్దకండి.